ఒక తలకు ఒకే పటం

మళ్ల సన్నిబాబు గొంతు ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. మొహం మాత్రం సగంమందికి తెలియదు. ఆటోకి ముందొక మైకు గొట్టం, వెనకొక మైకు గొట్టం కట్టుకుని ఇరవై రెండేళ్లుగా వీధులన్నీ తిరుగుతున్నాడు. కరెంటు ఎప్పుడు పోతుందో, పోలియో చుక్కలు ఎక్కడ వేస్తారో, ఏ కొట్లో చీరలు తగ్గింపు ధరకి ఇస్తున్నారో, ఎవరింటి ముసలాయన ఏ రంగు చొక్కాతో తప్పిపోయాడో ఊరికి చెప్పేది అతనే. ఈమధ్య మైకు ఆటోలవాళ్లంతా రికార్డు చేసిన గొంతు పెట్టేసుకుని హాయిగా బీడీ కాల్చుకుంటున్నారు. సన్నిబాబు పెట్టలేదు. చేపల బజారులో ఒకలా అరవాలి, బడి ముందు ఒకలా అరవాలి, చావు జరిగిన ఇల్లు దాటేటప్పుడు నోరు మూసుకోవాలి, ఇవన్నీ రికార్డుకెలా తెలుస్తాయని అతని వాదన.

ఇంట్లోనూ అంతే. ఒక మాట మనసులో అనుకుని దాన్ని అక్కడే అట్టేపెట్టుకోవడం అతనికి చేతకాదు. అన్నం తింటూ కూర ఎలా ఉందో చెబుతాడు, పడుకుంటూ నిద్రొస్తోందని చెబుతాడు. నోరు ఆగడం తప్ప ఇతనికి నిద్ర పట్టిందని తెలియడానికి వేరే గుర్తు అక్కర్లేదని భార్య నూకరత్నం పక్కింటివాళ్లతో అంటుండేది.

ఆషాఢమాసంలో ఒకరోజు పొద్దున్న పది గంటలకి, మెయిన్ రోడ్డు మీద, నిండు బజారులో సన్నిబాబుకి చీర అనే మాట దొరకలేదు. పట్టు అన్నాడు. మళ్లీ పట్టు అన్నాడు. ఎదురుగా వెళ్తున్న ఆడవాళ్లు కట్టుకున్నవి అవేనని కంటికి కనపడుతోంది, మాట మాత్రం నాలుక మీదికి రాలేదు. మైకు పాడైందనుకుని బట్టల కొట్టు యజమాని బయటికొచ్చాడు. ఆయన చూస్తుండగానే సన్నిబాబు కుడిచెయ్యి దానంతటది కొట్టుకోవడం మొదలుపెట్టింది, ఆటో వెళ్లి మురిక్కాలవ గట్టుకి ఆనుకుంది, మనిషి సీటులోనే ఒరిగిపోయాడు.

పెద్దాసుపత్రిలో స్కానింగ్ తీసి, తలలో ఎడమవైపు గడ్డ ఉందన్నారు. మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు హైమవతి గారు ఆ ఫొటోని వెలుగుకేసి పట్టుకుని మొగుడూపెళ్లాలిద్దరికీ చూపించారు. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. ఏ మాటా రెండుసార్లు చెప్పదు, ఒకసారి చెప్పిందే అర్థమయ్యేలా చెబుతుంది. గడ్డ చిన్నదే, మంచిరకమే, కాకపోతే అది పెరుగుతున్న చోటు మాటలుండే చోటుకి ఆనుకుని ఉంది అంది.

"తీసేస్తే మాట పడిపోద్దా అమ్మగారూ?" అన్నాడు సన్నిబాబు.

"ఎక్కడ కొయ్యకూడదో తెలిస్తే పడిపోదు. మాటలుండే చోటు అందరికీ ఒక్కచోటే ఉండదు. నీకు ఎక్కడుందో ముందు చూసుకోవాలి."

చూసుకోవడానికి రెండు దార్లున్నాయని కూడా చెప్పింది. మనిషి ఏదైనా మాట తలుచుకుంటున్నప్పుడు మెదడులో ఏ భాగానికి రక్తం ఎక్కువ పోతోందో ఫొటో తీసే మిషను ఒకటుంది. అదొక దారి. రెండోది, తల పైచర్మానికి మాత్రం మత్తిచ్చి, మనిషిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ, ఒక్కొక్క చోటా సన్నటి కరెంటు తీగతో ముట్టి చూసి, మాట ఆగిన చోటుని వదిలేస్తూ గడ్డని తియ్యడం. మెదడుకి నొప్పి తెలియదట. తను రెండూ కలిపి చేస్తానంది. మాట్లాడటం అనగానే సన్నిబాబుకి ప్రాణం లేచొచ్చింది.

అయితే అప్పటికి మూడు నెలల ముందే ఆ ఆసుపత్రికి మస్తిష్క చిత్రపట ప్రణాళిక అనేది వచ్చింది. ఆ మిషన్ని పై ఊరి పెద్దలొచ్చి రిబ్బను కత్తిరించి ప్రారంభించారు. ప్రణాళికకి నోడల్ అధికారిగా పరాంకుశం గారిని వేశారు. ఈయన ఇంతకుముందు దోమతెరల పథకానికీ, అంతకుముందు చెట్ల గణనకీ నోడల్ అధికారిగా చేశారు. చెట్లని లెక్కపెట్టినవాడికి మెదడొక లెక్కా అని పైవాళ్లు అనుకుని ఉంటారు. ఆయన చేరిన వారం రోజులకే ఉత్తర్వు వెలువడింది. శిరస్సుకు సంబంధించిన ఏ చికిత్స అయినను పటము లేనిదే చేపట్టరాదు, అని.

దాంతో చుండ్రుకి మందు రాయించుకుందామని వచ్చినవాళ్లందరూ మిషను ముందు వరసలో నిలబడ్డారు. బండి మీంచి పడి నుదుటికి రెండు కుట్లు కావలసినవాళ్లు గాయానికి గుడ్డ అదిమిపట్టుకుని నిలబడ్డారు. మొటిమలు మొహానికి సంబంధించినవి కదా అని ఒకమ్మాయి అడిగితే, మొహం దేనికి సంబంధించిందో చెప్పమని గుమస్తా ఎదురడిగాడు. ఆ అమ్మాయీ నిలబడింది. సన్నిబాబు వంతు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ మధ్యలో అతనికి మరోసారి ఫిట్స్ వచ్చాయి. వరసలో ఉండగానే వచ్చాయి గనుక వరస పోలేదు.

మిషను నడిపే లాజరు మంచి మనిషి. సన్నిబాబుని బల్ల మీద పడుకోబెట్టి చేయవలసింది వివరించాడు. కళ్లెదుట అద్దంలో ఒక్కొక్క మాటే కనపడుతుంది, అది చూసి దానితో ఏం చేస్తారో మనసులో అనుకోవాలి, పెదవి కదపకూడదు, తల కదపకూడదు. మనసులోనా అని సన్నిబాబు అనుమానంగా అడిగాడు. మనసులోనే అన్నాడు లాజరు.

మొదటి మాట వచ్చింది. ఉపధానం. సన్నిబాబుకి చదవడం బాగానే వచ్చు, చీటీలు చదవడమే అతని వృత్తి. చదివాడు. అదేమిటో తెలియలేదు. తర్వాత మార్జాలం వచ్చింది. ఆ తర్వాత విద్యుద్వ్యజనం, అగ్నిశలాక. ఇలాంటివి అరవై.

ఈ జాబితా వెనక పెద్ద కథే ఉంది. మొదట దిండు, పిల్లి, ఫ్యాను, అగ్గిపుల్ల అని మామూలు మాటలే పెట్టారు. ఒక జిల్లావాళ్లు దిండు అంటే ఇంకో జిల్లావాళ్లు తలగడ అంటారు, మా మాట ఎందుకు పెట్టలేదని ఎవరైనా అర్జీ పెడితే ఏమవుతుందని పరాంకుశం గారికి బెంగ పట్టుకుంది. పదనిర్ణయ ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం నాలుగుసార్లు కూర్చుని, ఏ జిల్లావాళ్లూ వాడని మాటలైతే అన్ని జిల్లాలకీ సమానంగా ఉంటాయని తేల్చింది.

సన్నిబాబు నలభై నిమిషాలు ఆ గొట్టంలో పడుకున్నాడు. మాటలు వస్తున్నాయి, పోతున్నాయి. పైకి అనకూడదన్నారు గనుక అతనికి ఏమీ అనబుద్ధి కాలేదు. చివరికొచ్చేసరికి మెదడు ఆరిన పొయ్యిలా నిశ్శబ్దంగా ఉంది. బయటికొచ్చి, చాలా సుఖంగా ఉందని, పెళ్లయ్యాక ఇంత సేపు ఊరుకున్నది ఇదే మొదలని లాజరుతో చెప్పాడు.

మూడో రోజుకి పటం వచ్చింది. మెదడు బొమ్మ బూడిదరంగులో ఉంది. మాట ఉన్నచోట ఎర్రగా వెలగాలట. ఎక్కడా వెలగలేదు. కింద టైపు చేసిన వాక్యం ఇది: సదరు రోగికి భాషాకేంద్రము కానరాలేదు.

హైమవతి ఆ కాగితం చూసి, పరీక్ష తప్పిందని, తెలిసిన మాటలతో మళ్లీ తియ్యమని రాసింది. దాని మీద పరాంకుశం గారు సమాధానం రాశారు. రేషను కార్డుల్లోలాగ పటాల్లోనూ దొంగ పటాలు పుట్టకుండా ఉండేందుకు ఒక తలకు ఒకే పటం అని నిబంధన ఉంది, రెండోది తియ్యడం కుదరదు. ఇంకో ఊరు పంపుదామన్నా లాభం లేదు. పటం ఎక్కడుంటే ఆపరేషను అక్కడే.

అంతటితో ఆగినా బాగుండేది. పటాన్ని బట్టి ఆపరేషను దారి నిర్ణయించే పని కూడా ప్రణాళికలో భాగమే. పరాంకుశం గారు స్కేలూ ఎర్ర పెన్సిలూ తీసుకుని, తల పక్కనుంచి గడ్డదాకా ఒక తిన్నని గీత గీశారు. మధ్యలో ఎవరి ఆస్తీ అడ్డం రానప్పుడు రోడ్డు వేసేవాళ్లకి ఎంత సంతోషం కలుగుతుందో ఆయనకీ అంత సంతోషం కలిగింది. భాషాకేంద్రము లేనందున సదరు ప్రదేశము గుండా నిరాటంకముగా పోవచ్చును, అని పక్కన రాసి సంతకం పెట్టారు. రోగిని మెలకువగా ఉంచి మాట్లాడించడం అనవసరమని, భాష లేనివాణ్ని మాట్లాడించబోవడం ఆసుపత్రి సమయాన్ని వృథా చేయడమేనని ఇంకో వాక్యం చేర్చారు.

ఆ గీత సన్నిబాబుకి చూపించింది హైమవతే. దాచి లాభం లేదనుకుంది. తను ఆ గీత మీద కత్తి పెట్టనని, కానీ పటం ప్రకారం ప్లాను లేనిదే థియేటరు తలుపు తియ్యరని చెప్పింది. అప్పటికే ఆవిడకి రెండు మెమోలు వచ్చాయి.

ఆ మధ్యాహ్నం సన్నిబాబు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఉన్నట్టుండి ఊళ్లో వీధుల పేర్లన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. వీధులయ్యాక చుట్టాల పేర్లు. అవీ అయ్యాక కూరగాయలు. నూకరత్నానికి మొదట అర్థం కాలేదు. ఒక్కొక్క మాటా ఉందో లేదో తడిమి చూసుకుంటున్నాడని తర్వాత తెలిసింది. ఎప్పుడూ ఇక ఆపమనే మనిషి ఆ రోజు ఆపమనలేదు. బీరకాయ మర్చిపోతే అందించింది. అతను ఆ మాట పుచ్చుకుని ఆమె వైపు తిరిగాడు.

"నా నోరు పోతే నన్నెవరైనా పోల్చుకుంటారంటావా?" అని అడిగాడు.

"నాను పోలుస్తాను" అంది.

హైమవతి పట్టు పట్టి ప్రణాళిక సంఘం సమావేశం పెట్టించింది. సూపరింటెండెంటు గారు అధ్యక్షులు, పరాంకుశం గారు కార్యదర్శి, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు సభ్యులు. సన్నిబాబునీ నూకరత్నాన్నీ గోడ పక్కన నిలబెట్టారు. హైమవతి వాదనేమీ చెయ్యలేదు. సన్నిబాబు వైపు తిరిగి, ఒకసారి వీళ్లకి వినిపించు అంది.

సన్నిబాబు గొంతు సవరించుకున్నాడు. ఈ సమావేశం ఫలానా తారీకున, ఫలానా గదిలో, ఫలానా పెద్దల సమక్షంలో జరుగుతోందని, పుర ప్రజలందరూ గమనించాలని, టీ కూడా ఇస్తున్నారని, ఊపిరి తీసుకోకుండా రెండు నిమిషాలు చెప్పాడు. కిటికీ బయట వెళ్తున్న నర్సులు ఆగిపోయారు. సూపరింటెండెంటు గారి పేరు అంత బాగా మునుపెవరూ పలకలేదు కాబోలు, నవ్వబోయి పరాంకుశం గారిని చూసి మానేశారు. సన్నిబాబు మొదలుపెట్టగానే పరాంకుశం గారు రాస్తున్న కలం మూసి పక్కన పెట్టారు. అయ్యాక మళ్లీ తెరిచారు.

"సభకు వినవచ్చిన శబ్దాలను సభ గౌరవిస్తుంది" అన్నారు. "అయితే వాటిని భాషగా పరిగణించే అధికారం పటానికి ఉందే గాని, సభకు లేదు."

అతను మాట్లాడాడు కదండీ అని ఒక డాక్టరు అన్నాడు. మాట్లాడటం నోటికి సంబంధించిన విషయం, భాష రికార్డుకి సంబంధించిన విషయం అని పరాంకుశం గారు ఓపిగ్గా విడమరిచారు. నోరు అబద్ధం చెప్పవచ్చు, మిషను చెప్పదు. ప్రతి రోగీ నోరు తెరవగానే పటాన్ని తోసిపుచ్చేట్టయితే ప్రభుత్వం ఇంత పెద్ద మిషను కొనడమెందుకు. ఇది న్యాయంగానే ఉన్నట్టు కనపడింది సభకి. అయినా రోగికి అన్యాయం జరగరాదు గనుక పటంపై అభ్యంతరం ఉంటే రోగి స్వయంగా అర్జీ పెట్టుకునే వీలు నిబంధనల్లో ఉందని ఆయన చెప్పారు.

"పెట్టుకుంటానండి" అన్నాడు సన్నిబాబు.

పరాంకుశం గారు ఆ మాట విననట్టు ఊరుకున్నారు. భాష లేని వ్యక్తి చెప్పిన అర్జీగాని, రాసిన అర్జీగాని చెల్లదని సూపరింటెండెంటు గారికి తర్వాత వివరించారు. అతని తరఫున భార్య పెట్టుకోవచ్చు. పెట్టుకునే ముందు ఆమెకు భాష ఉన్నట్టు రుజువు కావాలి.

అలా నూకరత్నం వెళ్లి ఆ గొట్టంలో పడుకుంది. తలకి ఏ జబ్బూ లేని మనిషిని తల మిషనులో పెట్టడం లాజరుకి అదే మొదటిసారి. చుండ్రు కూడా లేదు. మామూలుగానే అరవై మాటలూ వేశాడు. ఉపధానం వేసిన అర నిమిషానికి కంప్యూటరు తెర మీద ఎడమవైపంతా ఎర్రబడింది. మార్జాలానికి కుడివైపు కూడా అంటుకుంది. విద్యుద్వ్యజనం వచ్చేసరికి బూడిదరంగు వెతికినా దొరకలేదు. మిషను పాడైందేమోనని లాజరు రెండుసార్లు చూసుకున్నాడు. నూకరత్నం మాత్రం పెదవి కదపలేదు, తల కదపలేదు, శవంలా పడుకుని ఉంది.

బయటికొచ్చాక ఏం తలుచుకున్నావమ్మా అని అడిగాడు. మగవాళ్ల ముందు చెప్పేవి కావంది. హైమవతికి మాత్రం చెవిలో చెప్పింది. మాటలు ఏమొచ్చాయో తను చూడనేలేదట. కళ్లు మూసుకుని నలభై నిమిషాలూ పరాంకుశం గారిని, ఆయన ఎర్ర పెన్సిలుని, ఆయన్ని కన్నవాళ్లని, ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లని మనసారా తిట్టిందట. ఆ నెలలో హైమవతి నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ ఆవిడ ఆగి, పటం వైపు చూసి, ఇంకేదో ఆలోచించడం మొదలుపెట్టింది.

రెండో సమావేశంలో పరాంకుశం గారి ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. మరుసటి వారంలో పైఅధికారులు తనిఖీకి వస్తున్నారు. ఇన్నాళ్లలో తీసిన నాలుగు వందల పటాల్లో చూపించదగ్గది ఒక్కటీ లేదు. అన్నీ వెలిసిపోయిన గోడల్లా ఉన్నాయి. ఇది చూస్తే దీపావళిలా ఉంది. దాన్ని అట్ట మీద అంటించి తెచ్చారు. ఇంత సమృద్ధమైన భాషా సంపద తమ ప్రణాళికలో ఇంతవరకు నమోదు కాలేదని సభకు మనవి చేశారు.

హైమవతి ఆయన్ని అభినందించింది. తర్వాత చాలా అమాయకంగా, ప్రణాళికలో లబ్ధిదారు అంటే ఎవరండీ అని అడిగింది. పరాంకుశం గారికి నిబంధనలు చదివి వినిపించమంటే అంతకన్న ఆనందం లేదు. లబ్ధిదారు అనగా ఒకే రేషను కార్డు కలిగిన కుటుంబము, అని చదివారు. అయితే ఒక కార్డు మీద రెండు పటాలుంటే ఎలాగండీ అంది ఆవిడ.

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. మొహం గంభీరమైంది. తన కళ్లెదుటే, తన ప్రణాళికలోనే ఒక కుటుంబానికి రెండు పటాలు జారీ అయిపోయాయి. తనిఖీలో బయటపడితే ఇంకేముంది. ఒకటి వెంటనే రద్దు చెయ్యాలన్నారు. ఏది రద్దు చెయ్యాలో చెప్పనక్కర్లేదు. వెలవెలబోతున్న పటం మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి, కుటుంబ పటంగా రెండోదాన్ని ఖాయం చేశారు. ఇకపై సదరు కుటుంబములోని శిరస్సులన్నింటికీ ఇదియే వర్తించును.

ఇద్దరివీ వేర్వేరు తలలు కదండీ అని వెనక కూర్చున్న డాక్టరు అన్నాడు.

"తలలు రెండు కావచ్చు. కార్డు ఒకటే" అన్నారు పరాంకుశం గారు.

హైమవతి ఆ డాక్టరు కాలు తొక్కి, అప్పటికే టైపు చేయించి తెచ్చిన కాగితం ముందుకి జరిపింది. పటంలో ప్రతి అంగుళమూ భాషతో నిండి ఉన్నందున తిన్నని గీత చెల్లదని, ఎటునుంచి వెళ్లినా భాష అడ్డం వస్తుంది గనుక రోగిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ, ఒక్కొక్క చోటా పరీక్షించుకుంటూ శస్త్రచికిత్స చేయుట అనివార్యమని అందులో ఉంది. పటం ఏది చెబితే అది చెయ్యడమే తన ధర్మమని అంటూ పరాంకుశం గారు సంతకం పెట్టారు. సన్నిబాబు ఏదో అనబోతే నూకరత్నం గట్టిగా గిల్లింది.

ఆపరేషను గురువారం ఉదయం జరిగింది. తల ఒక చట్రంలో బిగించారు, మొహం చుట్టూ ఆకుపచ్చ గుడ్డ పందిరిలా వేశారు. తన తలని ఎవరో తొలుస్తున్న చప్పుడు సన్నిబాబుకి లోపలినుంచి వినపడింది. నొప్పి లేదు గానీ అది తన తలే అన్న సంగతి మర్చిపోవడం కష్టంగా ఉంది. ఒక మూలన ఆకుపచ్చ బట్టల్లో పరాంకుశం గారు నూకరత్నం మెదడు పటం పట్టుకుని, పని దాని ప్రకారం జరుగుతోందో లేదో చూస్తూ నిలబడ్డారు.

ఇక మాట్లాడమని హైమవతి అంది. ఏం మాట్లాడమంటారని అడిగాడు. నీ ఇష్టం, ఆపొద్దు అంది.

ముందు చీరలు చెప్పాడు, కరెంటు కోత చెప్పాడు. అవి తొందరగానే అయిపోయాయి. తర్వాత, ఇన్నేళ్లలో తను మైకులో చెప్పగా దొరికిన మనుషుల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నీలం గళ్ల లుంగీ ముసలాయన రైల్వే గేటు దగ్గర దొరికాడు. పేరు అడిగితే కూతురి పేరు చెప్పే అవ్వ పూల కొట్లో దండ కడుతూ దొరికింది. మతి తప్పిన మాస్టారు తను పాఠం చెప్పిన బడిలోనే, మూడో తరగతి బెంచీ మీద కూర్చుని...

దొరికాడు అనాలి. ఆ మాట కనిపిస్తూనే ఉంది. నోరు తెరిచే ఉంది. మాట మాత్రం లేదు. ఆషాఢంలో బజారు మధ్య కలిగిన భయం మళ్లీ పట్టుకుంది. ఇంతేనా, అయిపోయిందా అనుకున్నాడు.

"తీగ తీసేశాను. ఇప్పుడు చెప్పు" అంది హైమవతి.

దొరికాడు, అన్నాడు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఆవిడ ఆ చోట గోరంత కాగితం ముక్క పెట్టి ఒకటి అని గుర్తేసింది. అలాంటివి అయిదు పెట్టింది. పని అయ్యాక పక్కనున్న డాక్టరుకి ఆ అయిదింటిలో మూడు ఎక్కడున్నాయో చూపించింది. రద్దయిన పటంలో ఎర్ర పెన్సిలు గీత సరిగ్గా వాటి మీంచే పోయింది. ఆ డాక్టరు పరాంకుశం గారి వైపు చూశాడు. ఆయన చేతిలో ఉన్న పటంలోనూ అక్కడ ఎర్రగానే ఉండటం వల్ల చాలా తృప్తిగా తల ఊపుతున్నారు. గడ్డలో చిన్న ముక్క ఒకటి మాటల్ని ఆనుకుని ఉండిపోయిందని, దాన్ని ముట్టుకోలేదని, ఆర్నెల్లకొకసారి వచ్చి చూపించుకోవాలని హైమవతి తర్వాత చెప్పింది.

మూడు వారాలు సన్నిబాబుకి మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాయి, అంతే చాలు. ఇంటికి పంపేటప్పుడు గుమస్తా కాగితాలు పూర్తి చేశాడు. చేరినప్పుడు భాష ఉందా అన్నచోట లేదు అని ఉంది. వెళ్లేటప్పుడు ఎదురుగా నిలబడి ఆలస్యమెందుకని అడుగుతున్నాడు గనుక ఉంది అని రాయక తప్పలేదు. ఈ రెండు ముక్కలూ పరాంకుశం గారి కంటపడ్డాయి. పైకి నివేదిక వెళ్లింది. మస్తిష్క చిత్రపట ప్రణాళిక ద్వారా భాష లేని రోగికి భాష ప్రసాదించుట జరిగినది.

ఆ తర్వాతంతా మహా వేగంగా జరిగిపోయింది. పరాంకుశం గారికి శాలువా కప్పారు. నూకరత్నం పటాన్ని నిలువెత్తున వేయించి ఆసుపత్రి గుమ్మంలో కట్టారు. కింద, ఆరోగ్యవంతుడైన తెలుగు పురుషుని మెదడు అని రాయించారు. హైమవతికి మూడో మెమో వచ్చింది, గడ్డని పూర్తిగా ఎందుకు తీయలేదో సంజాయిషీ ఇమ్మని. ఈ విజయాన్ని ఊరూరా చాటాలని తీర్మానించారు. చాటేవాడి కోసం వెతకనక్కర్లేకపోయింది.

పనికి మళ్లీ పిలుపు రావడమే సన్నిబాబుకి గొప్పగా ఉంది. వాళ్లిచ్చిన చీటీ చదివి నవ్వుకున్నాడు. కాగితం మాటలు, ఎవరికి నష్టం అనుకున్నాడు. నూకరత్నం వద్దంది. అయినా ఆటో తీసి, మూడు రోజులు కొండల దిగువ ఊళ్లన్నీ తిరిగి, మాట లేనివారికి, ఆఖరికి తనకీ మాట తెప్పించిన ఆసుపత్రి గురించి తన మంచి గొంతుతో, ఊరూరికీ తగ్గట్టు చెప్పి వచ్చాడు.

నాలుగో రోజు ఉదయం ఆసుపత్రి గేటు ముందు అదే చదువుతుంటే ఒక ముసలాయన ఆటోకి అడ్డంగా వచ్చి దణ్ణం పెట్టాడు. పక్కన ఇరవై ఏళ్ల పిల్ల ఉంది. పేరు పాంగి బుద్దన్న అట, కొండల మీంచి రెండు రోజులు నడిచీ, జీపెక్కీ వచ్చారట. పిల్ల పేరు చంపా, పుట్టినప్పటినుంచీ మాట లేదు, చెవీ వినపడదు. సంతలో ఈ మైకు విన్నాడట. మీకు మాట తెప్పించిన డాక్టరు గారిని చూపించమని అడిగాడు. చంపా మైకు గొట్టంకేసి చూస్తోంది.

సన్నిబాబు ఆటో దిగాడు. ఈసారి మాటలు ఆలస్యమవడానికి కారణం గడ్డ కాదు.

"నాకు మాట ముందునుంచీ ఉందయ్యా" అన్నాడు. "ఆళ్ల కాగితంలోనే లేదు. ఆ తర్వాత కాగితంలో రాసుకున్నారు. అంతే జరిగింది. నాను చెప్పకుండా ఉండాల్సింది."

ముసలాయన కోప్పడలేదు. ఆ మాటని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టున్నాడు. కూతురి తల మీద చెయ్యి వేసి, మెల్లిగా అడిగాడు.

"పోనీ బాబూ, ఈ పిల్లకి మాటుందని ఆ కాగితంలోనైనా రాయించగలవా?"

సన్నిబాబు వెళ్లి మైకు ఆపేశాడు. చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో తోశాడు. తిరిగొచ్చి వాళ్ల మూటలు రెండూ అందుకుని, హైమవతి గారి గదివైపు ముందు నడిచాడు.